పిల్లి నాకితే... ప్రేమా? ప్రమాదమా?

“డాక్టరుగారూ, మా పిల్లి రోజూ నా చెయ్యి నాకుతోందండీ. ఎందుకంటారు?”

చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక చిన్న పట్నంలోని ప్రభుత్వాసుపత్రిలో నేను కొత్తగా చేరిన రోజులు. ఒక గృహిణి పిల్లవాడి జ్వరానికి మందు రాయించుకుని, వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి ఈ ప్రశ్న వేసింది. బయట వరస చాంతాడంత ఉంది. నేను తల ఎత్తకుండానే “ప్రేమ అమ్మా, ప్రేమ! పాలు పోసే చేతిని కాక ఇంకెవరి చేతిని నాకుతుంది?” అన్నాను. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక గుర్తుకొచ్చింది. మందుల చీటీ అందుకున్నప్పుడు ఆవిడ చూపుడు వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. పిల్లి నాకేది ఏ చేతిని? ఏ వేలిని? నేను అడగలేదు. ఇక ముద్ద గొంతు దిగలేదు. ఓపీ పుస్తకంలో చిరునామా చూసి అటెండరును పంపించాను.

సాయంత్రం ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. నా అనుమానమే నిజమైంది. మూడు రోజుల కిందట కత్తిపీట మీద వంకాయలు తరుగుతుంటే వేలు తెగింది. పిల్లి సరిగ్గా ఆ వేలినే నాకుతోంది. “నాకనియ్యి, పుండు తొందరగా మానుతుంది అని మా అత్తగారన్నారండీ” అంది ఆవిడ. “కరవలేదు కదండీ, దీనికి కూడా సూదులు ఎందుకు?” అన్నాడు భర్త. ఇద్దరికీ నచ్చజెప్పి సూదిమందు మొదలుపెట్టేసరికి దీపాలు పెట్టేవేళ అయింది.

పది రోజులు గడిచినా ఆ పిల్లికి ఏమీ కాలేదు. ఆవిడకూ ఏమీ కాలేదు. కథ సుఖాంతమే. కాని ఆ రోజు నేను నేర్చుకున్న పాఠాన్ని ఇన్నేళ్ళూ మరిచిపోలేదు. పిల్లి ఎందుకు నాకింది అన్నది సరదాగా తెలుసుకోవలసిన సంగతి. ఎక్కడ నాకింది అన్నది తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి. ఈ వారం ఆ రెండూ చెబుతాను.

ఆ నాలుక ప్రత్యేకత

పిల్లి నాకినప్పుడు గరుకుకాగితంతో రుద్దినట్టు ఉంటుందని పిల్లిని పెంచేవాళ్ళందరికీ తెలుసు. పిల్లి నాలుక మీద వందలకొద్దీ సన్నని ముళ్ళు ఉంటాయి. మన గోళ్ళు ఏ పదార్థంతో తయారవుతాయో ఆ ముళ్ళూ ఆ పదార్థంతోనే తయారవుతాయి. అన్నీ గొంతు వైపుకు వంగి ఉంటాయి. ఎముకకు అంటిన మాంసాన్ని గీకి తినటానికీ, ఒంటి వెంట్రుకలు దువ్వుకోవటానికీ ప్రకృతి ఇచ్చిన సాధనం అది. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2018లో ఈ ముళ్ళను పరిశీలించి ఒక చక్కని విషయం బయటపెట్టారు. ప్రతి ముల్లు కొనా చిన్న గరిటెలా గుంటగా ఉంటుంది. ఆ గుంట నోటిలోని లాలాజలాన్ని పీల్చుకుని, వెంట్రుకల అడుగున ఉన్న చర్మం దాకా చేరవేస్తుంది. అంటే పిల్లి నాలుక దువ్వెనా, స్నానపు చెంబూ రెండూను.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పిల్లి నాకటం అంటే నాలుక పైపైన తగిలి పోవటం కాదు. నోటిలోని లాలాజలాన్ని తెచ్చి పూయటం.

ఎందుకు నాకుతుంది?

పిల్లి నోరు విప్పి చెప్పదు కనుక, దాని నడవడిని గమనించినవారు చెప్పే కారణాలు ఇవి.

మొదటిది తల్లి నేర్పిన అలవాటు. పిల్లికూన పుట్టినప్పుడు కళ్ళు మూసుకుని ఉంటుంది. దానికి తొలి స్పర్శ తల్లి నాలుకే. తల్లి నాకి ఒళ్ళు ఆరబెడుతుంది, శుభ్రం చేస్తుంది. మొదటి రెండు మూడు వారాలు తల్లి నాకితేనే కూనకు మలమూత్రాలు అవుతాయి. పసితనంలో నాలుక అంటేనే అమ్మ అన్నమాట. మరీ చిన్న వయసులో తల్లి నుంచి విడదీసిన కూనలు పెద్దయ్యాక కూడా యజమాని చేతిని నాకుతూ, ముందు కాళ్ళతో చపాతీపిండి పిసికినట్టు ఒళ్ళో పిసుకుతూ ఉండటం చాలామంది చూసే ఉంటారు.

రెండవది తనవాళ్ళన్న గుర్తు. ఒకే చోట స్నేహంగా బతికే పిల్లులు ఒకదాని తల, మెడ మరొకటి నాకుతాయి. తన నాలుకకు అందని చోటు అదే కదా! మన చెయ్యో, జుట్టో నాకే పిల్లి మనల్ని కూడా ఆ గుంపులో చేర్చుకున్నట్టే. పనిలో పనిగా తన వాసన మనకు అంటించి, మన వాసన తాను తీసుకుంటుంది.

మూడవది రుచి. ఇక్కడ ఒక తమాషా ఉంది. పిల్లికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే నిర్మాణానికి కావలసిన జన్యువుల్లో ఒకటి పిల్లిజాతిలో పాడైపోయి ఉందని 2005లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మీ పిల్లి పాయసం గిన్నె వదలటం లేదంటే అది పంచదార కోసం కాదు, పాల కోసం, నెయ్యి కోసం. అలాగే చేపలు కడిగిన చెయ్యి, మీగడ తీసిన వేలు, చెమట పట్టిన మెడ దానికి ఇష్టం. అంతా ప్రేమే అనుకోవటం మన అమాయకత్వం!

నాలుగవది మన వల్ల పడిన అలవాటు. నాకగానే మనం ముద్దు చేస్తాం, పాలు పోస్తాం. పిల్లికి ఆమాత్రం లెక్క తెలియదా?

ఇవన్నీ సహజమే. ఎన్నడూ లేనిది ఒక్కసారిగా అదేపనిగా నాకటం మొదలుపెట్టినా, తన ఒంటినే ఒకచోట వెంట్రుకలు ఊడిపోయేటట్లు నాక్కుంటున్నా అది జబ్బుకో, దిగులుకో, ఒంటిమీది పురుగులకో గుర్తు కావచ్చు. పశువైద్యుడికి చూపించండి.

ఎక్కడ నాకింది?

చర్మం మన ఒంటికి కోటగోడ. గోడ గట్టిగా ఉన్నంతవరకు పిల్లి లాలాజలంలోని సూక్ష్మజీవులు లోపలికి రాలేవు. గాయంలేని అరచేతిని పిల్లి నాకితే సబ్బుతో కడుక్కుంటే చాలు. బెంగపడి ఆసుపత్రికి పరుగెత్తనక్కరలేదు.

అయితే ఆ గోడకు గండ్లు ఉంటాయి. కత్తిపీట తెగు, చెప్పు కరిచిన పుండు, గోకి గోకి పుండు చేసుకున్న గజ్జి, కాళ్ళ పగుళ్ళు, మంచం మీద ఉన్న ముసలివారి పుళ్ళు, ఇవన్నీ గండ్లే. కన్ను, ముక్కు, పెదవులు, నోరు పుట్టుకతో ఉన్న ద్వారాలు. అక్కడ చర్మం బదులు పలుచని పొర మాత్రమే ఉంటుంది. గండి దగ్గరగాని, ద్వారం దగ్గరగాని పిల్లి నాకితే అది నాకటం కాదు. వైద్యుని లెక్కలో దానిని కాటు పక్కనే చేర్చాలి.

మధుమేహం ఉన్నవారు ఈ మాట మరీ జాగ్రత్తగా వినాలి. వారిలో చాలామందికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది. రాత్రి నిద్రలో పిల్లి కాలిపుండు నాకినా తెలియదు. తెల్లవారి లేచాక, రాత్రి జరిగిందేమిటో చెప్పేవారుండరు. ఇంట్లో అటువంటి పెద్దలుంటే రాత్రిపూట పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. పుండుకు కట్టు తప్పనిసరి.

నాకితే పుండు మానుతుందన్నది ఎక్కడినుంచో వచ్చిన మాట. పిల్లి నోట్లో పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులు మామూలుగానే ఉంటాయి. పిల్లికి అవి ఏ హానీ చెయ్యవు. మన గాయంలో చేరితే మాత్రం ఒక్క రోజులోనే వాపు, ఎరుపు, చీము తేగలవు. పసిబిడ్డల్లోనూ, ముసలివారిలోనూ, స్టెరాయిడ్ మందులు వాడేవారిలోనూ, కాన్సర్ చికిత్స పొందుతున్నవారిలోనూ, ప్లీహం తీసివేసినవారిలోనూ ఆ సూక్ష్మజీవులు రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తాయి. పసిబిడ్డ ముఖాన్ని పిల్లి నాకుతుంటే ముచ్చటపడి ఫోటోలు తీసేవారిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది.

రేబిస్ మాట

రేబిస్ అనగానే మనకు పిచ్చికుక్క గుర్తుకొస్తుంది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కుక్కల వల్లే వస్తుందన్నది నిజమే. కాని పిల్లికీ ఆ జబ్బు వస్తుంది. పిల్లి నుంచి మనిషికీ వస్తుంది. రాత్రంతా గోడలెక్కి తిరిగే పిల్లిని ఏ కుక్క కరిచిందో మనకేం తెలుసు?

ఈ జబ్బు వైరస్ లాలాజలంలో ఉంటుంది. లోపలికి పోవటానికి దానికి కాటే అక్కరలేదు. తెగిన చర్మం మీద లాలాజలం పడినా చాలు. లోపల చేరాక నరాల వెంట మెదడుకు పాకుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు ఏ లక్షణమూ కనిపించదు. నీళ్ళు చూస్తే భయపడే దశ వచ్చాక మాత్రం మా చేతుల్లో చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుచేత మొదటి రోజుల్లో చేసిందే చికిత్స.

వైద్యులు మూడు తరగతులుగా లెక్క వేస్తారు. గాయంలేని చర్మాన్ని నాకటం మొదటి తరగతి. కడుక్కుంటే చాలు, సూది అక్కరలేదు. రక్తం రాకుండా పైపైన గీరుకోవటం, పళ్ళతో నొక్కినట్టు కరవటం రెండవ తరగతి. దీనికి టీకా సూదులు వెయ్యాలి. రక్తం వచ్చేటట్లు కరవటం, రక్కటం మూడవ తరగతి. పుండునో, తెగిన చర్మాన్నో నాకటం, కంట్లోనో నోట్లోనో లాలాజలం పడటం కూడా ఈ మూడవ తరగతే! దీనికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఇవ్వాలి. టీకా పనిచెయ్యటం మొదలుపెట్టేలోపు వైరస్‌ను అక్కడికక్కడే పట్టి ఉంచే మందు అది. “నాకిందే కదా” అని తీసిపారేసే సంగతి ఏ తరగతిలో ఉందో చూశారా?

చాలామంది సూదుల భయంతోనే ఆసుపత్రికి రారు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు అన్న మాట ఇంకా జనం మనసులోంచి పోలేదు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పటి సూదులు భుజానికి వేస్తారు. కండలోకి వేసే పద్ధతిలో మొదటి సూది వేసిన రోజును సున్నా అనుకుంటే 0, 3, 7, 14, 28 రోజులలో అయిదు. చర్మం పొరలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో, వెళ్ళిన ప్రతిసారీ రెండేసి చోట్ల చిన్న సూదులు. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవి ఉచితం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా వెయ్యవచ్చు. పథ్యం అక్కరలేదు.

పది రోజుల లెక్క సంగతి కూడా చెప్పాలి. కుక్కలోగాని, పిల్లిలోగాని జబ్బు పైకి కనిపించటానికి కొద్ది రోజుల ముందు మాత్రమే వైరస్ లాలాజలంలోకి వస్తుంది. నాకిన రోజు నుంచి పది రోజులు పిల్లి ఆరోగ్యంగా ఉంటే, ఆ రోజు దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. అప్పుడు మిగతా సూదులు ఆపవచ్చునో లేదో మీ డాక్టరు చెబుతారు. అయితే పది రోజులు చూసి, తరువాత సూది వేయించుకుందామనుకోకండి. సూదులు ముందు మొదలుపెట్టాలి. పిల్లిని ఆ తరువాత గమనించాలి. పిల్లి చచ్చిపోయినా, కనిపించకుండా పోయినా, చీకట్లో నక్కి ఉంటున్నా, చొంగ కారుస్తున్నా, కారణం లేకుండా మీద పడి కరుస్తున్నా ఆ సంగతి వెంటనే డాక్టరుకు చెప్పండి.

చంకలో బిళ్ళ

పిల్లి వల్ల వచ్చే మరో జబ్బు ఉంది. పిల్లి రక్కుడు జ్వరం అనుకోండి. 1950లో ఫ్రాన్సులో రాబర్ దెబ్రే అనే పిల్లల వైద్యుడు దీనిని వర్ణించాడు. దీనికి కారణం బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి. పిల్లి బొచ్చులో ఎగిరి దూకే చిన్న పురుగులు ఒక పిల్లి నుంచి మరో పిల్లికి దీనిని అంటిస్తాయి. ఆ పురుగుల మలం పిల్లి గోళ్ళలో చేరుతుంది. గోరు మనకు గీరుకున్నా, తెగిన చోట పిల్లి నాకినా సూక్ష్మజీవి మనకు రావచ్చు. పెద్ద పిల్లుల కంటే కూనల దగ్గరే ఈ భయం ఎక్కువ.

గాయం దగ్గర చిన్న పొక్కు లేస్తుంది. ఒకటి నుంచి మూడు వారాలలో చంకలోనో, మెడ దగ్గరో బిళ్ళ కడుతుంది. కాస్త జ్వరం, నీరసం ఉండవచ్చు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. మన దేశంలో మెడ దగ్గర బిళ్ళ అనగానే డాక్టరుకు ముందుగా వచ్చే అనుమానం క్షయ. రావాలి కూడా. అందువల్ల బిళ్ళతో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో పిల్లి ఉందన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట మాకు ఎంతో దారి చూపుతుంది.

నేరం వెంట్రుకది కాదు

“పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఉబ్బసం వస్తుంది” అంటారు పెద్దలు. మాటలో కొంత నిజం ఉంది, కాని నేరస్థుడు వేరు. పిల్లి లాలాజలంలోనూ, చర్మగ్రంథులలోనూ ఒక మాంసకృత్తు ఉంటుంది. పిల్లి తన ఒళ్ళు నాక్కున్నప్పుడు అది వెంట్రుకలకు అంటి, ఎండి, సన్నని ధూళిగా గాలిలో తేలుతుంది. దానిని పీల్చినప్పుడు పడనివారికి తుమ్ములు, కంటి దురద, ఆయాసం వస్తాయి. అటువంటివారిని పిల్లి నాకితే నాకినచోట దద్దుర్లు లేస్తాయి. పిల్లిని పంపించివేసినా ఆ ధూళి పరుపుల్లో, తెరల్లో నెలల తరబడి నిలిచే ఉంటుంది. “పిల్లిని వదిలేసి వారమైంది, అయినా ఆయాసం తగ్గలేదే” అని నిరుత్సాహపడకండి.

గర్భిణి ఉన్న ఇంట్లో

కోడలికి నెల తప్పిందని తెలియగానే పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరిబయట వదిలివచ్చే ఇళ్ళున్నాయి. ఆ భయం టాక్సోప్లాస్మా అనే జీవి గురించి. అది గర్భంలోని బిడ్డకు హాని చేయగలదన్నది నిజం. కాని అది బయటికి వచ్చేది పిల్లి మలంలో, లాలాజలంలో కాదు. మలంలో పడ్డాక కూడా అంటే శక్తి రావటానికి దానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు, గర్భిణి కాక మరొకరు తీసివేస్తే చాలు. గర్భిణి మట్టిపని చేస్తే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆకుకూరలు బాగా కడగాలి. మాంసం పూర్తిగా ఉడకాలి. సగం ఉడికిన మాంసం వల్ల కూడా ఇదే జబ్బు వస్తుంది. పాపం, పిల్లిని అడవిపాలు చెయ్యనక్కరలేదు.

మన చెయ్యి పిల్లికి విషం కావచ్చు

ఇంతసేపూ పిల్లి వల్ల మనకు వచ్చే హాని చెప్పాను. న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. మోకాళ్ళకు నొప్పి బామ్ రాసుకుంటాం. జుట్టు రాలకుండా మినాక్సిడిల్ రాసుకుంటాం. పిల్లి వచ్చి అక్కడ నాకుతుంది. మన ఒంటికి పనికివచ్చే ఈ మందులు పిల్లి కాలేయానికి, గుండెకు విషం. మందు రాసుకున్న చోటును బట్టతో కప్పుకోండి. పిల్లికి ఒళ్ళు వెచ్చబడిందని మన పారాసెటమాల్ ముక్క చేసి వెయ్యకండి. ఒక్క బిళ్ళతో ప్రాణం పోగలదు.

గుర్తుంచుకోండి

1. పిల్లి పుండునో, తెగిన చోటునో నాకితే ఆ చోటును సబ్బు రాసి, ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. సబ్బు రేబిస్ వైరస్‌ను చంపుతుంది.

2. కంట్లోనో, నోట్లోనో లాలాజలం పడితే మంచినీళ్ళతో బాగా కడిగి, పుక్కిలించండి.

3. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పుయ్యకండి. ఆ తరువాత అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

4. పిల్లికి మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించండి. ఒంటి పురుగులకు మందు కూడా ఆయన చెప్పిందే వాడండి.

5. నాకటం మాన్పించాలంటే కొట్టకండి, అరవకండి. చెయ్యి మెల్లగా తీసుకుని లేచి వెళ్ళిపోండి. నాలుగు రోజుల్లో దానికే అర్థమవుతుంది.

6. పిల్లితో ఆడుకున్న పిల్లలు చేతులు కడుక్కోకుండా కంచం ముందు కూర్చోకూడదు.

ఇది చదివి మీ పిల్లిని వెళ్ళగొట్టాలనుకుంటే నా ఉద్దేశం మీకు సరిగ్గా చేరలేదన్నమాట. మాటలు రాని ప్రాణి తనకు చేతనైన విధంగా “నువ్వు నావాడివి” అంటోంది. అననివ్వండి. కాకపోతే ఆ మాట అనేముందు మీ చెయ్యి ఒకసారి తిప్పి చూసుకోండి, ఎక్కడైనా తెగిందేమో. ఆ రోజు ఓపీలో తల ఎత్తి నేను చూడవలసింది కూడా అంతే.